రెండు నూళ్లు

గుత్తి రోడ్డులో, రేకుల షెడ్డు కింద
పాత కాంటెస్సా నోరు తెరుచుకొని ఉండాది.
దాని గుండె దానిది కాదు, జీపుది.
రేడియేటరు యాడిదో వాళ్లకే తెలీదు.
మూడింటికీ ముఖపరిచయం లేదు.

పక్కీరప్ప మామ టేపు తీయడు.
బిస్కెట్ల అట్టపెట్టె చించి ఛాసిస్‌కు ఆనించి
బోల్టు పడాల్సిన తావులో బొటనవేలు ఒత్తుతాడు.
ఆ గ్రీసు ముద్రే మాకు డ్రాయింగు.

ఇనుము కోసం గుజిరీలో దేవులాడితే
బోరుపైపును మోసిన క్లాంపు పట్టీ దొరికింది.
ఆరు నూర్ల అడుగులు దిగినా
తడి చూడని బోరంట అది.
కోస్తాంటే నిప్పురవ్వలు బలే రాలినాయి.

నేను బిగదీసి వెల్డింగు పెట్టబోతే
మోచేత్తో పొడిచినాడు.
"పట్టుకోమంటి గానీ పీక పిసకమంటినా?
రెండు నూళ్లు ఆడనీరా.
ఇంజినుతో పాటు వణకకపోతే
ఇత్తడి పగిలి ఏడుస్తాది."

సందులోకి రబ్బరు కావల్ల.
ఎడమ చెప్పు ఆయనది, కుడి చెప్పు నాది
కోసి నాలుగు బుష్‌లు చేసినాం.

కొళాయి వచ్చి ఐదు దినాలు.
మాబున్నీ అత్త బిందె దించి
"కారు తాగినంక మిగిలితే మనకు" అనేసి పోయింది.

స్టార్టు చేస్తే రేకులు గూడా అదిరినాయి.
కింద పేపరు పరిచి బోర్లా పండుకొని చూస్తాంటిమి.
టప్పున ఒక చుక్క.
మామ వేలితో అద్ది, నాలిక మీద పెట్టుకున్నాడు.
ఉప్పగా ఉందంట.
నా ముక్కు చివర తుడుచుకున్నా.

పొద్దు గుంకినా తారు చల్లారలే.
ఇద్దరికీ రెండు చెప్పులు,
కుంటుకుంటా ఇల్లు చేరినాం.