వేలిముద్ర

పద్నాలుగు దినాలు మాత్ర, ఏడు దినాలు సెలవు.
అన్నం తిన్న అరగంటలోపల మింగాల.
నలగ్గొట్టొద్దు, మనవరాలి చేతికి తగలనియ్యొద్దు.
అన్నీ అట్లే చేసినా.
మూడో విడతకి అరిచేతులు మంటెక్కి
ఉల్లిపొరల్లా లేచిపోయినాయి.

బంగారుపాళెం రేషనంగట్లో
మిషను నా బొటనవేలిని ఎరగనంది.
"గట్టిగా ఒత్తు రెడ్డెమ్మక్కా" అంటాడు దొరస్వామి.
ఒత్తితే చీలతాది నాయనా.
ఇరవై ఏండ్లు గుజ్జు ఫ్యాక్టరీలో
తోతాపురి టెంకలు తీసినా
పులుపుకీ కత్తికీ చెరగని గీతలు,
ఇంత బిళ్ళ నాకి పారేసింది.

తిరుపతికి ఫోన్ చేస్తే నర్సమ్మ కసిరింది:
"మంట పుట్టిన దినమే చెప్పాల గదా!
ఓర్చుకునేదానికి ఇదేమన్నా కాన్పా?
మాత్ర ఆపు. పొద్దున్నే రా."

కంటిపాప చూపించి బియ్యం తెచ్చుకున్నా.
రాత్రి పూత రాసుకుంటా చూస్తే
ఎవురివో చేతులు,
ఇంకా ఏ పనికీ పోనివి.