ఆరు కిలోల రెండొందలు

జయపురం ఎయిర్‌స్ట్రిప్పులో
కాటా దగ్గర కూచునేవాణ్ణి నేను.
చిన్న విమానం, తొమ్మిదే సీట్లు.
సామానుతో పాటు మనుషుల్నీ తూచే ఎక్కిస్తాం.
బరువు పైకి చదవొద్దని బతిమాలిన షావుకార్లున్నారు,
పీట అనుకుని చెప్పులిప్పి
కాటాకి దండం పెట్టిన ముసలమ్మ ఉంది.

మొన్న బుధవారం కుముదిని వచ్చింది.
చంకలో పద్నాలుగు నెలల గుంట, టికిలి.
రెండో చేత్తో నీలం రంగు కుర్చీ ఈడ్చుకుంటూ.
"ఏటమ్మా ఇది?"
"దీని సీటు."
తూచాను. ఆరు కిలోల రెండొందలు.

"ఒళ్లో పెట్టుకుంటే పోయేదానికి
దీనికో టికెట్టు, మళ్లీ ఈ బరువొకటా?"
అన్నీ తెలిసినోడిలా నవ్వాను.

కోప్పడలేదు.
"పోయిన వానల్లో సుంకి ఘాటీ దిగుతున్నాం మావయ్యా.
బస్సుకి ఆవు అడ్డొచ్చింది.
ఒక్కటే బ్రేకు.
ఎవరిదో అల్లం బస్తా మీద దొరికింది ఇది,
మూడు సీట్ల అవతల.
దెబ్బ లేదు. రెండు రోజులు
జుట్టంతా అల్లం వాసన.
నేను వదల్లేదు. ఒట్టు.
చేతులే వదిలేశాయి."

నా దగ్గర మాట లేక
లెక్క చెప్పాను: అయిదు కిలోలు ఎక్కువ.
అక్కడే నేల మీద సంచీ విప్పింది.
కంద దుంపలు తీసింది. ఇత్తడి మరచెంబు.
కాస్త ఆగి, రెండు పట్టుచీరలు.
"భువనేశ్వరంలో చెల్లి పెళ్లన్నావు, ఏం కడతావు?"
పాల మరక ఉన్న కొంగు చూపించింది.

పైలెట్ మోకాళ్ల మీద కూచుని
కుర్చీ వెనక అంటించిన చీటీ చదివాడు,
విమానానికి పనికొస్తుందో లేదోనని.
కిటికీ పక్కన బిగించి,
కుదిపి, మళ్లీ కుదిపి చూసిందామె.
టికిలి వెనక్కి తిరిగి కూచుంది.
ఎక్కినవాళ్లందరూ వెళ్లే దిక్కు చూస్తున్నారు,
అదొక్కతీ జయపురాన్ని చూస్తూ,
బెల్టు చివర నోట్లో పెట్టుకుని.

సాయంత్రం ఎవరూ లేనప్పుడు
నా రెండు చేతులూ కాటా మీద ఆనించాను.
ముల్లు ఊగుతానే ఉంది, ఒకచోట నిలబడలేదు.

చీరలు నా బీరువాలో ఉన్నాయి.
ఆదివారం వస్తానంది.
కంద దుంపలు మాత్రం
పాడైపోతాయని
మా ఆవిడ పులుసు పెట్టేసింది.