నాలుగున్నర అంగుళాలు

కూర్మన్నపాలెం ఇంట్లో గోడ పడగొడుతున్నారు.
రెండు గదులూ కలిసి ఒకటే అవుతాయట,
బాత్రూమ్ లోపలే, బట్టలకి వేరే చోటు.
"మేస్టర్ బెడ్రూమేనమ్మా" అన్నాడు తాపీమేస్త్రి అప్పలకొండ
చెవి మీంచి బీడీ తీస్తూ.

ఇరవయ్యారేళ్ళు ఆ గోడకి అవతల
ఆయన పగలు నిద్రపోయేవాడు
సి షిఫ్ట్ దిగొచ్చి, కిటికీకి దుప్పటి కట్టుకుని.
మిగతా వారాల్లోనూ అలవాటై అక్కడే.
ఇవతల నేను
మిషన్ తొక్కకుండా చేత్తోనే అంచులు కుట్టేదాన్ని.
రెండో కూత రాకముందే కుక్కర్ దించేసేదాన్ని.
మామిడికాయల బండి సూరమ్మ కూడా
మా గుమ్మం దాటేదాకా అరిచేది కాదు.

సమ్మెట మొదటి దెబ్బకి సున్నం పెచ్చు రాలింది.
రెండో దెబ్బకి గోడకి అటుపక్క
ఆయన ముఖం కనిపించింది, దుమ్ము కొట్టుకుని.
"ఇంత పల్చని గోడా!
నీ మిషన్ చప్పుడు ఒక్కరోజూ వినపడలేదే."

తొక్కితే కదా.

ప్లానులో మంచం నైరుతికి, తల దక్షిణానికి.
మిషన్ ఎక్కడా గీయలేదు ఇంజినీరు.
అప్పలకొండ దగ్గర సుద్దముక్క తీసుకుని
కిటికీ కింద, సాయంత్రం ఉప్పుగాలి తగిలే చోట
నేనే ఒక గడి గీశాను.
"అక్కడ డ్రెస్సింగు కదమ్మా?"
"చెరిపీ."

రాత్రి హాల్లో చాపలు పరుచుకున్నాం.
సిమెంటు వాసన. ఫ్యాను లేదు.
"కొత్త గదిలో నువ్వే పక్క పడుకుంటావు?"
అడిగాడు ఆయన, రిటైరైన మనిషి,
రాత్రిపూట ఏం చెయ్యాలో ఇంకా తెలీని మనిషి.
చాలాసేపు ఆలోచించాను.
నాకూ తెలీదు.