నాలుగూ పదికి

ఎస్పీ రోడ్డులో వైర్ల దుకాణం మీద రెండో అంతస్తు.
మెట్లకి రెయిలింగు లేదు.
బ్యాంకులు వదిలించుకున్న కంప్యూటర్లు
ఇలియాస్ భాయ్ తూకానికి కొని తెస్తాడు.
వాటి గతం నేను తుడుస్తాను.

తుడవడం ఎంతసేపు.
కట్టడానికే రోజులు పడుతుంది.
ముందు ఒక్కటే యంత్రం, టేబుల్ మీద.
దానికేం కావాలో ఏం అక్కర్లేదో ఎదురుగా కూర్చుని తేల్చుకోవాలి.
ఆటలు వద్దు. ప్రింటరు సంగతి వద్దు, ప్రింటరెవరిస్తారు?
కన్నడ కీబోర్డు ఉండాలి, తెలుగు కూడా ఉండనీ,
చింతామణి వైపు పిల్లలు చదివే బడి.
రెండు జీబీల ర్యామ్‌లో అన్నిటికీ ఊపిరాడాలి.
వైఫై చిప్పు మరీ పాతది,
దాని డ్రైవరు కోసం మూడు రాత్రులు.

నాలుగో పొద్దుకి అన్నీ కుదిరాయి.
ఉన్నదాన్ని ఉన్నట్టే ఒక్క ఫైలుగా పోతపోశాను.
ఇమేజ్ అంటారు. నాకది అచ్చు,
బెల్లం అచ్చు.
పాకంలో పడ్డ చీమ
పోసేటప్పుడు కనిపించదు.

హొసకోటె దాటాక సర్కారీ హైస్కూలు.
అరవై యంత్రాలు, ఒక స్విచ్, నేలంతా నీలం కేబుళ్ళు.
డిస్కులో ఏమీ లేని యంత్రం
బటన్ నొక్కగానే నెట్‌వర్కులోకి కేకేస్తుంది,
నేనెవర్ని అని.
నా లాప్‌టాప్ జవాబు చెప్తుంది.
ఇన్ని కేకలకీ ఒకటే జవాబు.
తెల్లగీతలు పాకాయి, కొన్ని ముందూ కొన్ని వెనకా.
పదిహేడోది కేబుల్ వదులై రెండుసార్లు మొదటికొచ్చింది.
ముప్పైమూడు లేవనే లేదు,
దాన్ని మోసుకెళ్ళి భాయ్ ఆటోలో పెట్టాను.

మధ్యాహ్నానికి యాభైతొమ్మిది తెరలు,
ఒకే రంగు, ఒకే గడియారం.
హెడ్మాస్టరు నంజుండప్ప గారు ఫోటో తీసుకున్నారు.
తొమ్మిది 'బి' పిల్లలు చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చున్నారు.

నాలుగూ పది.
అన్నీ ఒక్కసారే టింగుమన్నాయి.
తెర తెరకీ కుడిమూల పసుపు చీటీ:
"ట్యాంకరొస్తుంది. సంపు మూత తియ్యి."

నాదే.
మార్చి నుంచి మా రామమూర్తినగర్ వీధికి
రోజూ ఆ వేళకే నీళ్ళు.
పనిలో పడి రెండుసార్లు మరిచి
పైవాటా కమలాబాయి చేత మాటలు పడి
కడుతున్న యంత్రంలోనే రాసి పెట్టుకున్నాను.
పాస్‌వర్డులు తుడిచాను, యంత్రం పేరు తుడిచాను,
నేను వెతికిన మాటలన్నీ తుడిచాను.
దీన్ని చూళ్ళేదు.

పిల్లలు నవ్వారు.
తెలుగొచ్చిన ఒకడు మిగతావాళ్ళకి కన్నడంలో చెప్పాక
రెండో విడత నవ్వు.
నేను తలొంచి స్విచ్ లైట్లు లెక్కపెట్టాను.
నవ్వని మనిషి ఒకతే,
తలుపు దగ్గర అటెండరు గంగలక్ష్మమ్మ.
చీపురు గోడకి ఆనించి గబగబా వెళ్ళింది.
కాసేపటికి బడి వెనక
ఇనపమూత ఈడ్చిన చప్పుడు.

ఆ రాత్రి అచ్చు విప్పి చీమని తీశాను.
ఏడో వెర్షన్.
మర్నాడు అన్నిటికీ మళ్ళీ పొయ్యాలి.
భాయ్ ఒకరోజు కూలి కోశాడు, టీ మాత్రం ఇప్పించాడు.

నలభైఒకటి తలుపు పక్కది.
దాని కేబుల్ అందుకోబోతే
గంగలక్ష్మమ్మ నా చెయ్యి పట్టుకుంది.
ఇక్కడికీ ట్యాంకరు ఆ వేళకేనట.
డ్రైవరు హారన్ కొట్టడట,
మూత తీసి లేకపోతే పక్క లేఔటుకి తిప్పేస్తాడట.
"నిన్న వాడికన్నా నేనే ముందుంటిని" అంది,
సగం మా భాషలో, సగం తన భాషలో.

పట్టీలో యాభైతొమ్మిదికీ టిక్కులు పెట్టి సంతకం చేశాను.
నలభైఒకటి ఇంకా ఆరో వెర్షనే.
పాతబడ్డవాటి జాబితాలో ఎర్రగా పైకొస్తుంది,
చూసి, కిందికి జరుపుతాను.

జూన్‌లో వానలు పడ్డాయి.
ట్యాంకరు రావడం మానేసింది.
ఆ యంత్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు.