వేళ్ల నిచ్చెన

కర్నూలు రోడ్డులో మందుల షాపు పైన
రెండో అంతస్తు.
గోడకి బిగించిన ఒక చెక్క,
దాని పొడుగూతా చిన్న చిన్న గాట్లు.
"దీన్ని వేళ్లతో ఎక్కు పెద్దాయనా" అంది నస్రీనమ్మ.
నా చిన్నకూతురంత ఉంటుంది.

నవ్వొచ్చింది.
ఇరవై రెండు సీజన్లు
మాలకొండయ్య బ్యారన్లో
ఆ కొయ్య మీదొక కాలు, ఈ కొయ్య మీదొక కాలు,
కప్పు కింద నిలబడి
పచ్చాకు కర్రలు పై వరసకి ఎక్కించినోణ్ణి.
ఇప్పుడు నా రెండు వేళ్లు
గొంగళిపురుగు నడిచినట్టు నడిచి
నాలుగో గాటు దగ్గర వణికి
జారి కిందపడ్డాయి.

పడటం వాటికి కొత్త.
ఫిబ్రవరిలో పుచ్చిన కొయ్య ఒకటి
నా పాదం కింద చిటుక్కుమంది.
కుడి భుజం ముందు దిగింది నేలకి,
తర్వాత నేను,
ఆ తర్వాత నామీద నాలుగు కర్రల పచ్చాకు.
సువార్తమ్మ ఆకులు తీసి, తీసి
అడుగున నన్ను కనుక్కుంది.

ఒక ప్లేటు, ఆరు స్క్రూలు.
ఆరు వారాలు గుడ్డ ఉయ్యాల్లో నిద్రపోయిన చెయ్యి
లేపబోతే
నామీదే అరిచింది.

"నొప్పి పదికెంత?"
పదికెంతో నాకేం తెలుసమ్మా.
టంగుటూరు వేలం ఫ్లోరు లెక్కలో అడుగు, చెప్తాను:
పొద్దున లేచేటప్పుడు బ్రైటు,
మధ్యాన్నానికి మీడియం,
రాత్రికి
ఎవరూ పాట పాడక వెనక్కొచ్చిన బేలు.
ఆ పిల్ల నవ్వలేదు.
కాగితం మీద ఏడు అని రాసుకుంది.

అర లీటరు నీళ్లసీసా పట్టుకుని
వంగి చెయ్యి ఊపమంది.
ఆలకూరపాడులో మా వాకిట్లో
నేను ఊపుతుంటే వీధిలో పిల్లలు
వరసగా వంగి వాళ్లూ ఊపారు.
సిట్టింగుకి రెండొందలు.
మొదటి పది మాలకొండయ్య ఇచ్చాడు.
పదకొండో దానికి ఫోను ఎత్తలా.

అందుకే తొందరపడ్డాను.
దూలానికి తాడేసి
ఎడంచేత్తో కుడిచేతిని పైకి లాగాను.
తెల్లారేసరికి భుజం పూరీలా పొంగింది.

నస్రీనమ్మ ప్లాస్టిక్ కోణమానిని ఆనించి చూసి
"ఎవరు లాగమన్నారు నిన్ను?
అరవైకి వచ్చింది మళ్లీ నలభైకి పోయింది.
డిగ్రీలు ఒక్కరోజులో పెరగవు" అంది.

డిగ్రీలు.
ఆ మాట నేను ఎంతమంది కుర్రోళ్లని తిట్టి చెప్పానో!
మొదట తొంభై అయిదు, అంతే,
ఆకు పసుపు తిరిగేదాకా
రాత్రంతా కిటికీ అద్దం దగ్గర కూచోవాలి.
తోచక నాలుగు మొద్దులు ఎక్కువ తోశావా,
ఆకు పచ్చగానే ఉడికి చస్తుంది.
నూట అరవై చివర్న,
ఈనె ఎండటానికి.

నా భుజంలో ఈనె ఇంకా పచ్చిగుంది.
ఆమెకి ఆ సంగతి చెప్పలా.
చెక్క దగ్గరకి పోయి నిలబడ్డాను.

జూన్లో ఒకరోజు ఏడో గాటు.
ఎనిమిదోది గోరుకి తగిలిందనుకుంటా,
ఆమె ఒప్పుకోలా.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు లేదు.
వల్లూరు దగ్గర గేదె అడ్డమొచ్చి
డ్రైవరు బ్రేకు తొక్కితే
నన్నడక్కుండానే కుడిచెయ్యి పైకి పోయింది.
రాడ్డు అందింది.
అరచేతిలో ఇనుము,
ఎన్ని చేతుల జిడ్డో, వెచ్చగా.

కండక్టరొచ్చి టికెట్ అన్నాడు.
డబ్బులు కుడిజేబులో ఉన్నాయి.
దించబుద్ధి కాలా.
ఎడంచేత్తో పొట్ట మీదుగా తడుముకుంటుంటే
"తొందరగా కానీ" అని విసుక్కున్నాడు.

ఉండబ్బయా,
కాస్త ఉండు.