పదహారు కిలోల బంతి

ఈస్టర్ ముందు రాత్రి
వంటింటి బల్ల మీద బంతి కుడతాడు నోదార్.
ఎద్దుతోలు మూడు పొరలు,
లోపల ఇసుక, రంపపు పొట్టు, గుప్పెడు పొలం మట్టి.
ఆఖరి కుట్టుకి ముందు
పెరట్లో పాతిన జాడీ మూత తీసి
కూజాడు ఎర్ర వైను పోస్తాడు లోపలికి,
జ్వరం మనిషికి గంజి పట్టినట్టు, ఆగి ఆగి.

కాటా మీద పెడితే పదహారు కిలోలు.
"పుట్టినప్పుడు నువ్వున్నదానికి ఐదింతలు"
అంటాడు మనవరాలితో.

లికా బతూమిలో చదువుతోంది.
సెలవులకి వచ్చినప్పుడల్లా
సంచీలో బట్టలకంటే ఎక్కువ ఎందుకులు తెచ్చుకుంటుంది.
"ఎందుకు తాతా,
కప్పు లేదు, డబ్బు లేదు,
విరిగిన వేళ్ళు తప్ప గెలిచినా మిగిలేది లేదు,
రెండూళ్ళ జనం ఒక తోలు మూట కోసం
ఒకళ్ళనొకళ్ళు తొక్కుకోవడం ఎందుకు?"

నోదార్ పళ్ళ మధ్య దారం ఉంది.
పళ్ళ మధ్య దారం ఉన్నవాణ్ణి
జవాబు అడగకూడదు.

మర్నాడు మధ్యాహ్నం
నడిరోడ్డు మీద ఫాదర్ దీవించి విసిరాడు.
ఎంతెగురుతుంది పాపం, భుజం దాకా.
నేలకి దిగేలోపు
దాని కింద నూరుమంది.

ఎగువ వాగు దాటిస్తే ఎగువూరిది,
దిగువ వాగు దాటిస్తే దిగువూరిది.
అంతే. మిగతాదంతా తోపులాట.
గుంపు మీద ఆవిరి లేచింది
పెళ్ళివంట గుండిగ మూత తీసినట్టు.
మందులషాపు బెసో మెడ మీద
గట్టు తగాదాలో ఆరేళ్ళుగా మాట్లాడని బావమరిది
ఊపిరి వదులుతున్నాడు.
ఎవరిదో కంచె కూలింది. ఎవరిదో బూటు
ఒంటరిగా రోడ్డు దాటింది.

అక్రోటు కొమ్మలన్నీ పిల్లలే కాశారు.
పుట్టిల్లు ఎగువ, మెట్టినిల్లు దిగువ అయిన త్సియూరి
బంతి ఎటు పోతే అటువైపు వాళ్ళని
శాపనార్థాలు పెడుతోంది.

అంతలో ఎవడో పడ్డాడు.
మధ్యలోంచి రెండు చేతులు లేచాయి,
తర్వాత పది,
తర్వాత అన్నీ.
నూరుమంది మగాళ్ళు
చేతులు ఆకాశానికెత్తి నిలబడితే
వాగు చప్పుడు వినబడింది లికాకి.
పడ్డవాణ్ణి లేపారు. నీళ్ళు తాగించారు.
వాడు తలూపాడు. చేతులు దిగాయి. మళ్ళీ మొదలు.

నోదార్ మాత్రం ఇంకా చేతులెత్తే ఉన్నాడు కాసేపు.
వాళ్ళ తమ్ముడు సుఖుమిలో పడ్డప్పుడు
ఎవరూ ఎత్తలేదు.

పొద్దు వాలాక
దిగువ వాగులో నడుం లోతున
బంతి నెగ్గింది.
గెలిచినవాళ్ళు ఇంటికి పోలేదు, విందుకి పోలేదు,
తడిబట్టలతోనే శ్మశానం గట్టు ఎక్కారు.
ఆ ఏడు పోయినవాళ్ళలో ఒకరికిస్తారు దాన్ని.
ఈసారి వాలికోకి.

వాలికో ఒక్క ఏడూ ఆడలేదు.
చిన్నప్పుడే జ్వరం కాలు తినేసింది.
యాభై మూడేళ్ళు అదే పిట్టగోడ మీద కూచుని
ఒక్కడూ వినని సలహాలు అరిచాడు.
ఓడితే తన మాట విననందుకని,
గెలిస్తే విన్నందుకని
సాయంత్రం తాగేవాడు.

బంతిని రాతి మీద పెట్టారు.
వాళ్ళ అక్క మారెఖి అరచెయ్యి ఆనించింది,
చప్పున తీసేసింది, మళ్ళీ ఆనించింది.
"వెచ్చగా ఉంది" అంది.
నూరు రొమ్ముల కింద నలిగిన తోలు,
వెచ్చగా ఉండదా మరి.
"గోడ దిగకుండానే పట్టేశాడు వెధవ"
అన్నారెవరో. అందరూ నవ్వారు.
నవ్వు మధ్యలో కొందరు ముక్కు తుడుచుకున్నారు.

రాత్రి రొట్టె తుంచుతూ
నోదార్‌కి గుర్తొచ్చింది.
"నిన్నేదో అడిగావు నువ్వు.
ఏమిటమ్మా అది?"

లికా నోరు తెరిచింది.
గొంతు లేదు.
కొమ్మ మీంచి నాలుగు గంటలు అరిచి అరిచి
బొత్తిగా పోయింది.
ఏమీ లేదన్నట్టు చెయ్యూపి
ఉప్పు ఇటు జరపమంది.