గుర్తేంది?

టంగుటూరు వేలం ప్లాట్‌ఫారం గేటు కాడ
దస్తగిరి బల్ల మీద మూడు మడత చాకులు.
మూడూ నల్లవే.
ఒంగోలు ట్రంకురోడ్డు కొట్లో కొన్నవే అయ్యుంటాయి,
ఆ యేడు అందరి జేబుల్లోనూ అదే చాకు.
"మగోళ్ల సామాను గదమ్మా ఇది, నీదేనా?
గుర్తేంది?" అన్నాడు.

గుర్తేంది.
కొన్ననాడు దానికి ఏ గుర్తూ లేదు.
మడత నుంచి మొన దాకా ఒకటే నలుపు,
కుండడుగు మసి కాదు, కాటుక కాదు,
గోటితో గీకినా గీత పడని కంపెనీ నలుపు.
మూడొందల అరవై.
రంగు పోతే డబ్బు వాపసు అన్నాడు కొట్టాయన,
నవ్వకుండా.

ముందు పోయింది వాదర పైన, ఒక వెంట్రుకవాసి.
బ్యారన్ మెట్టు మీద నూరినప్పుడల్లా
రాయి కాస్త ఎక్కువే నాకింది.
తర్వాత మొన.
గోనెపట్టా కుట్టు కింద దూర్చి పురికొస లేపే చోటు
ముందు బియ్యపుగింజంత తెల్లబడింది,
మాఘం వెళ్ళేసరికి చింతగింజంత.

ఆకు దించే రోజుల్లో మాత్రం
పోయిందో ఉందో తెలిసేది కాదు.
కర్ర కర్రకూ పురి కోస్తుంటే
పొగాకు జిగురు బ్లేడు మీద పేరుకుని
తెల్లబడ్డ చోటల్లా మళ్ళీ నల్లబడేది.
నా వేళ్ళూ అంతే. అన్నం ముద్ద చేదు.
రాత్రి కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే
జిగురు నలుపు గుడ్డకొచ్చేది,
కొట్టాయన నలుపు ఎంత మిగిలిందో
అప్పుడు బయటపడేది.

లోపల ఇంకొకటుంది.
పిడి లోపల ఆవగింజంత ఇనప గుండు.
తెరిచినప్పుడూ మూసినప్పుడూ
మడత కాడ వంకరగా సన్నటి గీత గీస్తుంది.
ఎన్నిసార్లు తెరిచానో అది లెక్క పెట్టుకుంది,
నేను పెట్టుకోలేదు.
నో బిడ్ అయిన ప్రతి బేలుకూ ఒకసారి:
కుట్టు కోసి, ఆకు చూపించి,
కొనేవాళ్ళు ముక్కుకాడ పెట్టుకుని, పడేసి, పోయాక
మళ్ళీ కుట్టుకుని
ఇంకో తారీఖుకి మళ్ళీ కోసి.

కానీ ఇవన్నీ ఆ మూడింటికీ ఉన్నాయే!
మొన తెలుపు, వాదర తెలుపు, మడత కాడ గీత.
ఊరంతా కోసేది పురికొసే గదా.
దస్తగిరి నా వంకే చూస్తన్నాడు.
వెనక మాల్యాద్రి
"కానీయమ్మా, మన వరస పిలుస్తన్నారు" అంటన్నాడు.

తిప్పి చూశా.
రెండింటికి కుడిచేతి బొటనవేలు ఆనే వైపు అరిగింది.
మూడోదానికి ఆ వైపు ఇంకా కంపెనీ పేరుతో సహా నల్లగానే ఉంది.
అవతలి వైపు
వేలిముద్ర వేసినట్టు ఒక తెల్లమచ్చ.

పుర్రచెయ్యి నాది.
దీని మీదే మా అమ్మ గరిటె కాడ విరగ్గొట్టింది.
బడిలో దీన్నే వీపెనక్కి కట్టేశారు.
పీటల మీద పంతులు రెండుసార్లు చెయ్యి మార్పించాడు.
కౌలు కాయితం మీద మా బావ సంతకం,
బ్యారన్ లైసెన్సు ఆసామి పేరున,
బేలు చీటీలోనూ ఆయన పేరే.

"దస్తగిరీ, నువ్వే తెరిచి చూడు."

కుడి బొటనవేలు పెట్టాడు, నలుపు మీద జారింది.
చెయ్యి మార్చుకున్నాడు.
వేలు తెల్లమచ్చలో కూర్చుంది,
కూర్చుంది గానీ
ఆయన వేలికి మచ్చ చాలలేదు.
ఏమీ అనకుండా రిజిస్టరు నా వైపు తోశాడు.
పెంచలమ్మ అని రాశా, ఎడంచేత్తోనే,
సిరా అరచేతికి అంటుకుంది.

రెండొందల పధ్నాలుగో నంబరు బేలు.
అడుగు ఆకులో కాస్త పచ్చ ఉంది, నాకు తెలుసు.
కొనేవాళ్ళు రెండు వరసల అవతల ఉన్నారు.
కుట్టు కింద మొన దూర్చా.